దొర ఎత్తుకుపోయిన వణుకు

మొన్న మధ్యాహ్నం నేను భోంచేస్తుండగా మా మనవరాలు టీవీలో ఏదో పాత ఇంగ్లీషు సినిమా పెట్టింది. గుడివాడలో మా వీధికి కేబుల్ వైరు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నాకు తెలియని భాషలో ఏడుస్తూనో, తుపాకులు పేల్చుకుంటూనో ఉంటారు. నేను పట్టించుకోను. ఆ రోజు ఎందుకో తలెత్తి చూశాను. తెర నిండా ఒక ముసలి పూజారి. ఒళ్ళంతా మసి పూసుకుని, గుండు మీదికి గుడ్డ లాక్కుంటూ, వణికే కుడిచేత్తో గిన్నె పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు. "అమ్మమ్మా, ఎంత బాగా చేస్తున్నాడో చూడు! తెల్లవాడంటే నమ్మలేం" అంది పిల్ల. నోట్లో ముద్ద మింగుడుపడలేదు. లేచి చేయి కడిగేసుకున్నాను. ఆ మనిషి నాకు తెలుసనీ, బందరులో మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడనీ చెబితే, నాకు మతి తప్పుతోందేమోనన్నట్టు చూసింది.

యుద్ధం రావడానికి రెండు మూడేళ్ళ ముందు మాట. మా నాన్నగారు బందరులో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆయనకి ఇంగ్లీషంటే భక్తి. దగ్గొచ్చినా ఇంగ్లీషులోనే దగ్గుతారని మా మేనత్త అనేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాన్నగారి అక్కగారైన ఆ మేనత్తే. పదకొండేళ్ళకే భర్త పోయి, దివిసీమలో అత్తవారింట్లో కొన్నేళ్ళు పడి ఉండి, ఆ తర్వాత తమ్ముడి పంచన చేరింది. గుండు, తెల్ల పంచె, ఒంటిపూట భోజనం. ఏ మాట మాట్లాడినా చివర "నాయనా" అని తగిలించేది. పిల్లినైనా సరే "పో నాయనా" అనే తోలేది. ఆవిడ కుడిచేయి మణికట్టు దగ్గర్నుంచి ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉండేది. ఆ చేత్తోనే ఆవకాయ కలిపేది, ఆ చేత్తోనే నాకు జడ వేసేది. పాయలు మాత్రం ఒక్కటీ వంకర పోయేవి కావు.

ఆ ఏడు చలికాలంలో కాలవల ఇంజనీరు దొర బంగళాకి ఆయన తమ్ముడు వచ్చాడు. సీమలో సినిమా యాక్టరట. ఊరంతా ఆయన్ని చిన్నదొర అనేవారు. ఆయనకి తెలుగు మాటలు నేర్పడానికి మా నాన్నగారిని పిలిపించారు. నాన్నగారు వారం రోజులు నేల మీద నడవలేదు. చిన్నదొర కూడా కలుపుగోలు మనిషే. సైకిలు మీద మా ఇంటికే వచ్చేసేవాడు. అరుగు మీద బాసింపట్టు వేసుకోబోయి మోకాళ్ళు పట్టేసి, మా చేత లేపించుకునేవాడు. తన కథంతా నాన్నగారికి అరటిపండు ఒలిచినట్టు చెప్పుకున్నాడు. తండ్రికి ఒక రేవు పట్నంలో చేపల కొట్టు. "మీ ఊరి గాలి మా నాన్న కొట్టులా వాసనేస్తుంది" అని నవ్వేవాడు. పద్నాలుగో ఏట నాటకాల బృందంతో పారిపోయాడు. మూగ సినిమాల కాలంలో దుర్మార్గుడి వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. కనుబొమ్మ ఎగరేస్తే ఆడవాళ్ళు కెవ్వుమనేవారట. బొమ్మలు మాట్లాడటం మొదలయ్యాక చేపల కొట్టు గొంతు బయటపడింది. జనం నవ్వారు. వేషాలు తగ్గాయి, తర్వాత లేకుండా పోయాయి. ఏం చెయ్యాలో తోచక అన్న దగ్గరికి వచ్చి పడ్డాడు. ఇదంతా విని మా అత్తయ్య, "పాపం, అన్నం పుట్టని చదువు చదివాడన్నమాట" అంది.

ఆవిడ ఆయన కోసం పొద్దున్నే మజ్జిగ చిలికి, అల్లం, కరివేపాకు వేసి ఉంచేది. కొబ్బరుండలు పెట్టేది. గ్లాసు ముందుకు తోసి, "తిను నాయనా, తిను" అనేది. దొర వెళ్ళగానే ఆ గ్లాసు చింతపండు పెట్టి తోమేది, అరుగు మీద నీళ్ళు చల్లేది. అందులో ఆవిడకి ఏ వైరుధ్యమూ కనిపించేది కాదు. మడి మడే, ఆకలి ఆకలే. చిన్నదొర ఆవిడనే చూస్తూ కూర్చునేవాడు. ఆవిడ నడక, పైగుడ్డ లాక్కోవడం, జపం చేసేటప్పుడు పెదవులు కదిలే తీరు. మన పెద్దవాళ్ళంటే ఎంత గౌరవమో అనుకుని నాన్నగారు మురిసిపోయేవారు.

ఒకరోజు ఆ చేయి ఎందుకలా వణుకుతుందని అడిగాడు. నాన్నగారు ఆ ప్రశ్న తెలుగులో ఆవిడకి చెప్పారు. అత్తయ్య మా ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది చెప్పింది. అవనిగడ్డ దగ్గర ఏటి ఒడ్డున మంగలి మొదటిసారి ఆవిడ జుట్టు తీసిన రోజు. "చుట్టూ మనవాళ్ళే నాయనా. పట్టుకుందామంటే ఒక్కరి చెయ్యీ దొరకలేదు. ఆ రోజు మొదలైంది ఈ వణుకు." నాన్నగారు గొంతు సవరించుకుని ప్రతి మాటా మంచి ఇంగ్లీషులో అప్పజెప్పారు. చిన్నదొర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేయి ఆవిడ చేతి పక్కన, తగలకుండా పెట్టి, అలాగే వణికించాడు. తప్పినచోట ఆగి, మళ్ళీ మొదలెట్టాడు. అది జాలి అనుకున్నాం. అత్తయ్య కూడా అలాగే అనుకుంది కాబోలు, ఆ రోజు ఇంకో రెండు కొబ్బరుండలు పెట్టింది.

ఆయన వెళ్ళిపోయిన ఏడాదిన్నరకి, ఆయన వేషం కట్టిన సినిమా వచ్చింది. బందరు రేకుల హాల్లో ఇంగ్లీషు సినిమాలు ఎప్పుడో గాని ఆడేవి కావు. ఇంజనీరు దొర చెప్పి తెప్పించాడన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఊళ్ళో ప్లీడర్లూ, మాస్టర్లూ అంతా తయారు. అత్తయ్య అప్పటిదాకా సినిమా మొహం ఎరగదు. నలుగురూ ఏమంటారోనని సందేహిస్తూనే, "ఆ అబ్బాయికి మళ్ళీ అన్నం పుట్టిందిగా, చూసొద్దాం" అని జట్కా ఎక్కింది. ఆడవాళ్ళ బెంచీల్లో నేనూ ఆవిడా పక్కపక్కన కూర్చున్నాం.

కథ ఎక్కడో మన దేశంలోనే. ఒక తెల్ల ఆఫీసరుని చంపాలని చూసే ముసలి పూజారి. గుండు మీదికి గుడ్డ లాక్కుంటూ, గొణుక్కుంటూ, ఎలకలా గోడ వార నడిచివచ్చాడు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. గట్టిగా, పైట అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను. పదహారేళ్ళు నాకు, ఆ నడక ఎక్కడిదో తట్టలేదు. తర్వాత ఆఫీసరు కోసం గిన్నెలో విషం పోశాడు. తెర నిండా ఒట్టి చేయి. మణికట్టు దగ్గర్నుంచి సన్నగా వణుకుతున్న కుడిచేయి. ఆ గిన్నె ముందుకు తోస్తూ, ఏదో క్షుద్రమంత్రం చదువుతున్నట్టు కళ్ళు తిప్పి, ముద్దతెలుగులో అన్నాడు: "తిను నాయనా, తిను."

దొర నోట తెలుగు వినేసరికి రేకులు ఎగిరిపోయేలా ఈలలు, చప్పట్లు. నా నవ్వు సగంలో చచ్చింది. పక్కకి తిరిగి చూసే ధైర్యం చాలలేదు. నా భుజానికి తగులుతూ ఉండే ఆ చేతి కదలిక మాత్రం ఆగిపోయింది. ఎడం చేత్తో దాన్ని గట్టిగా అదిమిపట్టుకుని కూర్చుంది ఆవిడ.

తిరిగి వస్తుంటే జట్కాలో అత్తయ్య అడిగింది. "తమ్ముడూ, ఆ గిన్నెలో ఏమిట్రా?"

"విషం, అక్కయ్యా."

"నేను పెట్టింది మజ్జిగేగా?"

నాన్నగారు జట్కావాణ్ణి త్వరగా తోలమన్నారు.

మర్నాటి నుంచి అభినందనలు. "మాస్టారూ, మీ శిష్యుడు బందరు మాటని లండన్‌లో పలికించాడండీ!" అని కాఫీ హోటల్లో భుజాలు తట్టారట. అంతటితో ఆగినా బాగుండేది. ఊరి పెద్దలంతా కలిసి చిన్నదొరకి అభినందన లేఖ పంపాలనుకున్నారు. ఇంజనీరు దొర దాన్ని మా నాన్నగారి చేతే రాయించమన్నాడు. ఆయన రాశారు. బల్ల మీద చిత్తుప్రతి చూశాను. అందులో 'భారతీయ వృద్ధాప్యాన్ని సజీవంగా చూపించారు' అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. చక్కటి దస్తూరీ. ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

"మీరు రాశారా నాన్నగారూ, ఇది?"

"దొర అడిగాడమ్మా. ఎలా కాదంటాను?"

జవాబుగా ఒక ఫొటో వచ్చింది. పూజారి వేషంలో ఆయన, కింద సంతకం, అభిమానులందరికీ పంపే అచ్చు మాట ఒకటి. మా పేర్లు గాని, మజ్జిగ మాట గాని లేవు. నాన్నగారు ఆ ఫొటో చేత్తో పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళి, పీట పక్కన నేల మీద కూర్చున్నారు. "అక్కయ్యా, నేనే చెప్పాను. నా నోటితో నేనే వాడికి చెప్పాను" అన్నారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది, ఎడం చేత్తో. "నేను చెప్పిందే నువ్వు చెప్పావు. నీ తప్పేముంది? అయినా, ఆ కాగితం మాత్రం రాయకుండా ఉండాల్సింది" అంది. అంతే. ఆ ఫొటో పొయ్యిలో పడిందో, పెట్టెలో పడిందో నేను అడగలేదు.

తర్వాత చిన్నదొర దశ తిరిగిందని ఇంజనీరు దొర చెబుతుండేవాడట. ఆ వేషమే, ఆ వణుకే, సినిమా మీద సినిమా. పూజారి, పాముల వాడు, రాజుగారి మంత్రి, ఎవరైనా సరే కుడిచేయి వణకాల్సిందే. సీమలో పిల్లలు కూడా ఆయన్ని అనుకరించేవారట. ఆయన మంచి నటుడు కాదని అనను. అంత శ్రద్ధగా మా అత్తయ్యని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. దొంగకి సొమ్ము మీద ఉండే శ్రద్ధ అది.

ఆవిడ మాత్రం మళ్ళీ అరుగు మీదికి రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా కుడిచేయి పంచె కింద దాచుకునేది. వడ్డించడం మానేసింది. "నాయనా" అనడం మానేసింది. పిల్లిని తోలేటప్పుడు కూడా ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. స్వరాజ్యం రాకముందే, ఒక ఎండాకాలం, మూడు రోజుల జ్వరంతో పోయింది.

సినిమాలో వేషగాడు తొంభయ్యేళ్ళ ముసలివాడిలా ఒగురుస్తాడు. మేమూ ఆవిడని ముసలావిడనే అనుకునేవాళ్ళం. ఆ సినిమా చూసిన రోజున ఆవిడకి నిండా నలభై ఎనిమిది లేవని మొన్ననే లెక్క వేసుకున్నాను. ఇవాళ మా కోడలి వయసు. కాలం గడిస్తే ఎలాంటి రోతైనా వెనకబడుతుందంటారు. దొర మొహం వెనకబడింది, నాన్నగారి దస్తూరీ వెనకబడింది; ఆ చీకటి హాల్లో ఆవిడ పక్కన కూర్చుని నేను నవ్విన నవ్వు మాత్రం ఏటేటా ఇంకాస్త దగ్గరగా వినిపిస్తోంది.