మరిది నారులో కొత్త జాతి

మా ఆయన చనిపోయిన ఏడాదే మదనపల్లె దగ్గర మా చేలో టమోటా పచ్చగా ఉండగానే వాడిపోయింది. పుంగనూరులో నర్సరీ పెట్టి, మాకు ఆ నారు అమ్మిన మా మరిది ఊరందరి ముందూ అన్నాడు: "ముండమోసింది కాలు పెట్టింది, చెట్లు సచ్చినాయి."

ఆ మాట నేను మింగలేదు. కుప్పం యూనివర్సిటీలో సూక్ష్మజీవుల గురించి చదువు చెప్పే మేడమ్‌ను పిలిపించాను. ఆమె కాండం కోసి నీళ్ల గ్లాసులో వేలాడదీస్తే పాలలాంటి దార దిగింది. అదంతా బ్యాక్టీరియా అట. తెలిసిన జాతులన్నిటితో పోల్చి, నెలల తర్వాత చెప్పింది: ఇది ఎవరూ గుర్తించని కొత్త జాతి, నేను తెచ్చిచ్చిన మరిది నారులోనూ ఇదే ఉంది, ఇక దీనికి పేరు పెట్టాలి.

"దానికి మా మరిది పేరే పెట్టమ్మా."

"మనుషుల పేరు గౌరవానికి పెడతామక్కా!"

"అట్లయితే వాని పేరు వద్దు."

మర్నాడే గ్లాసు పట్టుకుని వాడి నర్సరీకి పోయాను. కొనేవాళ్ల ముందే వాడి ట్రేలో వడలిన మొక్క తీసి, కోసి నీళ్లలో పెట్టాను. తెల్లటి దార చూసి ఒక్కొక్కరే ట్రేలు కింద పెట్టేశారు.

"వదినా, లోపలికి రా, మాట్లాడుకుందాము."

"లోపలికి యాలప్పా? నన్ను అన్నింది అందరి ముందర గదా. ఈడనే మాట్లాడు."