కూత వినే జనం, గోల చేసే జనం

మా పుట్టిల్లు వర్ధన్నపేట దగ్గర పల్లె. అత్తిల్లు కాజీపేట రైల్వే కాలనీ. మధ్యలో దూరం పెద్దగా లేదు గానీ, ఆట చూడటంలో మాత్రం ఈ రెండు చోట్ల జనానికీ ఎక్కడా పొత్తు కుదరదు. రెండు చోట్లా నేలమీద కూర్చుని చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఇదంతా డెబ్బైలలో సంగతి.

మా ఊళ్లో ఆటంటే కబడ్డీ. కోతలయ్యాక పొలంలోనే ముగ్గుపిండితో బరి గీసేవారు. జనం గీత పక్కన కూర్చుంటే బాగుండేది, గీత మీదే కూర్చునేవారు. కాసేపటికే సగం గీత పంచెలకూ చీరలకూ అంటుకుపోయేది. బడిలో డ్రిల్ సారే అంపైరు. "ఎన్కకు జరుగుండ్రి! వాళ్లు ఆడుతాండ్రా మీరు ఆడుతాండ్రా?" అని బెత్తం ఊపుతూ మొత్తుకునేవాడు. తీర్పు నచ్చకపోతే ఊరు ఊరంతా లేచి ఆయన మీదికి పోయేది. పాపం, ఆయనకూ అలవాటైపోయింది.

కానీ మావాడు కూతకు పోయాడంటే ఇక ఎవరూ కిక్కురుమనేవారు కాదు. గుక్క తిప్పుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అనడం అంపైరు చెవిన పడాలి, పడకపోతే అవుటే. అందుకని చంటిపిల్ల ఏడుపు ఎత్తుకోకముందే తల్లి పాలిచ్చేది. దగ్గొచ్చిన తాత తువ్వాల నోట్లో కుక్కుకునేవాడు. వాడు తిరిగి గీత దాటాకే అందరూ ఊపిరి వదిలేవారు. ఓడినవాడిని కూడా ఏమీ అనేవారు కాదు. నలుగురు బరిలోకి పోయి, లేపి, దుమ్ము దులిపి, నీళ్లు తాపి తీసుకొచ్చేవారు. తిట్లన్నీ పక్క ఊరికి, డ్రిల్ సారుకు.

కాజీపేటలో ఫుట్‌బాల్. మా ఆయన లోకోషెడ్డులో ఫిట్టరు, ఆటలో షెడ్డు టీముకు గోల్‌కీపరు. డ్యూటీ దిగినవాళ్లు ఖాకీ బట్టలతోనే గ్రౌండుకు వచ్చేవారు. ఒకడు డబ్బా వాయిస్తే ఒకడు బకెట్టు వాయించేవాడు. కొందరు గార్డు ఈలలు తెచ్చి ఊదేవారు. రిఫరీ ఈల ఏదో, గార్డు ఈల ఏదో తెలియక ఆటగాళ్లు నడిమధ్యలో ఆగిపోయి దిక్కులు చూసేవారు. ఆ గోలే లేకపోతే కాళ్లు ఆడవని మా ఆయన అనేవాడు. ఇంకో సంగతి, అక్కడ తిట్లు ఎదుటివాడికి తక్కువ, మనవాడికే ఎక్కువ. మా అత్తమ్మ ముందు వరసలో కూర్చుని పల్లికాయలు ఒలుచుకుంటూ, "పట్టుకోరా సోంబేరి! తినెటప్పుడు ఆడుతయి గద చేతులు!" అని కన్నకొడుకునే కడిగేసేది.

కొత్తకోడలిగా మొదటిసారి పోయినప్పుడు, బంతి మా ఆయన వైపు వస్తోందని నేను మా ఊరి పద్ధతిలో కొంగు నోట్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. పక్కనున్నామె వంగి చూసి, "ఏమాయెనే, వాంతికొస్తాందా?" అంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి కాలనీలో సగంమంది నాకు నెల తప్పిందని ఖాయం చేసేశారు. ఆ మాట అబద్ధమని నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నా మనసులో ఒక ముల్లు ఉండేది. మా బాపు నా ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టేవాడు కాదు. రెండిళ్ల వాళ్లమూ క్రైస్తవులమే, అయినా చర్చిలు వేరు, ఒకరికొకరు పొసగదు: బాపు పాస్టరుగారి మనిషి, మా అత్తవారు ఫాదర్‌గారి మనుషులు. పెళ్లి వాళ్ల చర్చిలో జరిగింది. బాపు వచ్చాడు, అక్షింతల్లాంటి నాలుగు మాటలు నా నెత్తిన వేశాడు, తినకుండా వెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లు మా క్వార్టరు గేటు బయట నిలబడి కూరగాయల సంచి ఇచ్చేవాడు. "లోపలికి రా బాపూ, నీళ్లన్న తాగు" అంటే, "ఇప్పుడే తాగిన బిడ్డా" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఆయన వెళ్లాక ఆ సంచి ముందేసుకుని ఏడ్చేదాన్ని.

మామను ఎలాగైనా మంచి చేసుకోవాలని మా ఆయన ఒక ఎత్తు వేశాడు. మా ఊరికీ పక్క ఊరికీ కబడ్డీ పందెం పడింది, మా తమ్ముడు ఆడుతున్నాడు. వాడికి హుషారెక్కించాలని మా ఆయన నాకన్నా ముందే షెడ్డు దోస్తులను వెంటేసుకుని దిగాడు. నేను బస్సు దిగి పొలం చేరేసరికి మా తమ్ముడు ఆఖరి కూతకు పోతున్నాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. మా ఆయన, దోస్తులు మాత్రం ఒక్క ఉదుటున లేచారు. "మార్! మార్! షాబాష్!" అని కేకలు, పైనుంచి గార్డు ఈల. డ్రిల్ సారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తంటాలు పడ్డాడు. ఏం వినపడుతుంది, ఆయన తలకాయ! చెయ్యెత్తి మావాడిని అవుటన్నాడు. ఊరు ఓడిపోయింది. ఈసారి డ్రిల్ సారును ఎవరూ తిట్టలేదు. అందరూ మా ఆయన వైపే చూశారు. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "అల్లుడు గాదు, రైలింజను" అని వెళ్లిపోయాడు. ఇక ఈ జన్మలో నా గడప తొక్కడని నేను ఖాయం చేసుకున్నాను.

కొన్నాళ్లకు కాజీపేటలో ఫైనల్ మ్యాచి. చూద్దును కదా, గోల్‌పోస్టుకు దగ్గర్లో, పక్కగీత మీద మా బాపు, తమ్ముడు, మా ఊరివాళ్లు మరో నలుగురు! గీత వెంట ఉరికే లైన్స్‌మన్ వాళ్ల కాళ్లు తగిలి అప్పటికే ఒకసారి పడ్డాడు.

"ఏంది బాపూ, ఇటొచ్చినవ్?"

"మార్కెట్‌కొచ్చిన బిడ్డా. బస్సుకింక టైమున్నది."

మార్కెట్ ఉన్నది వరంగల్‌లో. ఊరికి పోయే బస్సు దొరికేదీ అక్కడే.

ఆట చివరికొచ్చింది, చెరొక గోలు. అంతలో మావాడెవడో బంతిని చేత్తో తాకాడు, ఎదుటి టీముకు పెనాల్టీ ఇచ్చారు. గ్రౌండంతా డబ్బాలు, ఈలలు, బూతులు. బాపు మా తమ్ముడిని అడిగి సంగతి తెలుసుకున్నాడు. తన్నేవాడు ఒకడు, ఆపేవాడు ఒకడు. వెంటనే లేచి తువ్వాల గాల్లో ఊపాడు.

"సప్పుడు చెయ్యకుండ్రి! పిలగాడు ఒక్కడే ఉన్నడు ఆడ! జర ఊపిరి పీల్చుకోనియ్యుండ్రి!"

మా ఊరివాళ్లు కూడా లేచి "శ్శ్" అన్నారు. ఎవడీ ముసలాయన అని వింతపడి కాబోలు, గ్రౌండు మొత్తం గప్‌చుప్ అయింది. మా అత్తమ్మ నోట్లో పల్లికాయ నోట్లోనే ఉండిపోయింది. యార్డులో గూడ్సు పెట్టెలు తగులుకునే చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎదుటివాడు తన్నాడు. మా ఆయన కొయ్యలా నిలబడ్డాడు. బంతి వలలో పడింది.

ఇక చూడాలి తిట్లు! మా ఆయన మోకాళ్ల మీద కూలబడి తలెత్తలేదు. అప్పుడు బాపు గీత దాటి లోపలికి నడిచాడు. ఆట ఇంకా అయిపోలేదు. రిఫరీ ఈల మీద ఈల ఊదాడు గానీ, ఈలలు ఊదడం ఇక్కడివాళ్ల రోగమనుకున్నాడేమో బాపు అటు చూడనేలేదు. మా ఊరివాళ్లూ వెనకే నడిచారు. అల్లుడి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. తువ్వాలతో మోకాళ్లు తుడిచాడు. జనం ఒకటే నవ్వులు. "లే కొడుకా, లే" అంటున్న బాపు గొంతు నాకు ఆ నవ్వుల్లోనూ వినిపించింది.

మిగిలిన కాసేపూ ఆడారు, ఓడిపోయారు. బాపు అల్లుడి భుజం వదలకుండా క్వార్టరు దాకా నడిచొచ్చాడు. గేటు దగ్గర ఆగలేదు.

మా ఆయన వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "సప్పుడే లేకపొయ్యేసరికి నా చేతులు పనిచెయ్యలే. మామకు మాత్రం చెప్పకు" అన్నాడు.

ముందుగదిలో నుంచి బాపు పిలిచాడు.

"బిడ్డా, అల్లుడు ఆకలి మీదున్నడు, అన్నం పెట్టు. నాకు సుత పెట్టు."

ఇద్దరికీ కంచాలు పెట్టాను. బాపు అన్నంలో చెయ్యి పెట్టగానే నాకు కళ్లు కనపడలేదు. పప్పు కంచంలో వేశానో కింద వేశానో తెలియలేదు. బాపు కింద పడ్డది కూడా వేళ్లతో ఎత్తి, అన్నంలో కలుపుకుని తిన్నాడు.