సైరన్ దించిన రోజు

నా చిన్నప్పుడు మా బొగ్గు కాలనీలో గడియారం చూసి పనులు చేసుకునేవాళ్లు తక్కువ. షిఫ్టు మారినప్పుడల్లా, రోజుకు మూడుసార్లు, బాయి మీద సైరన్ మోగేది. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. ఆ సైరన్‌ను బట్టే ఎసరు పెట్టేవాళ్లు, పిల్లల్ని బడికి తోలేవాళ్లు. ఆ మూడు వేళలు తప్పి ఎప్పుడైనా మోగిందంటే లోపల ఏదో జరిగిందన్నమాట. అప్పుడు ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేసి బాయి దిక్కు ఉరికేవాళ్లు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం అలా మోగింది. లోపల పైకప్పు కూలింది. మా బాపు, అంటే నాన్న, బయటికి రాలేదు. సైరన్ కింది నుంచి లేచి పైకెక్కడం నాకు బాగా గుర్తుంది, అప్పుడు ఇంటి ముందు నిలబడి జామకాయ తింటున్నాను. అది దిగడం మాత్రం గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా ఇప్పటికీ గుర్తు రాదు.

నేను ఏడవలేదు. దుఃఖం దిగమింగుకుందని అందరూ అన్నారు గానీ, నిజం చెప్పాలంటే మింగడానికి నా దగ్గర ఏమీ లేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే మొద్దుబారిపోతుంది చూడండి, మనిషినంతా అలా ఉన్నాను. పెట్టింది తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. మాట పోలేదు, మాట్లాడబుద్ధి కాలేదు, అంతే. పరామర్శకు వచ్చిన ఒకావిడ నన్ను ఎలాగైనా ఏడిపించాలని బాపు టిఫిన్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను మూత తీసి చూశాను. ఖాళీగా ఉంది. మళ్లీ మూత పెట్టాను. “గీ పోరి బండరాయి అయింది” అని ఆమె లేచి వెళ్లిపోయింది. పాపం, ఆవిడ శ్రమంతా వృథా అయింది.

మా అవ్వకు నా బెంగే పట్టుకుంది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. బాపు ఉద్యోగం ఆమెకు ఇస్తామన్నారు. డ్యూటీకి పోతే ఇలాంటి పిల్లను ఎవరి మీద వదిలిపోవాలి? ఎండాకాలం సెలవులు అయ్యేలోపు నోరు తెరవకపోతే చెన్నూరులో అమ్మమ్మ దగ్గర దింపి వస్తానని నా ముందే అంది. అవ్వను విడిచిపోవాలన్నా నాకు ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం తల్చుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

మా పక్కింటి మామ బాయి మీద దీపాల గదిలో పనిచేసేవాడు. లోపలికి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక వాపసు తీసుకోవడం ఆయన పని. బాపు దీపం వాపసు రాలేదని అందరికంటే ముందు తెలిసింది ఆయనకే. ఆయనకు కీబోర్డు పిచ్చి. బావమరిది మస్కట్ నుంచి తెచ్చిన సింథసైజర్‌తో పెళ్లిళ్లలో, గణపతి మండపాల్లో ఆర్కెస్ట్రాకు వాయించేవాడు. దుమ్ము పడకుండా దానికి అత్త కొత్త చీర కప్పాడని ఇంట్లో వారం రోజులు యుద్ధం నడిచింది.

రెండో షిఫ్టు ఉన్న రోజుల్లో పొద్దున్నే నన్ను పిలిచి ఆయన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఓదార్చలేదు, ఏడవమనలేదు. కీబోర్డు మెట్లు తాను ఒత్తేవాడు, ఎడమ చివరన ఉన్న చిన్న చక్రం నాకు అప్పగించాడు. దాన్ని ముందుకు తోస్తే మోగుతున్న స్వరమే జారుతూ పైకెక్కేది, వెనక్కి తెస్తే దిగేది. లోపల స్ప్రింగు ఉండేది. చెయ్యి తీసేస్తే చక్రం ఠక్కున మధ్యకు దూకేది, స్వరం పాడేవాడి గొంతు పగిలినట్టు వినిపించేది. మొదట్లో నేను అలాగే వదిలేసేదాన్ని.

“గట్ల ఒదిలెయ్యద్దు బిడ్డా. ఎంత దూరం తీస్కపోయినవో గంత దూరం నువ్వే పట్టుకొని తీస్కరావాలె” అనేవాడు, నా మొహం వైపు చూడకుండానే.

ధ్వనిని మందంగానో పదునుగానో మార్చే మరను కూడా చూపించాడు. పాట నడుస్తుండగానే దాన్ని తిప్పాలి, ఆగి ఆలోచించే వీలు ఉండదు. నాకది నచ్చిందని చెప్పలేను. ఆ కాసేపు చేతికి పని దొరికేది.

ఒకరోజు పెళ్లి ప్రోగ్రాం ఉందని పెద్ద స్పీకరు బాక్సు తగిలించి చూస్తున్నాడు. అత్త చాయ్‌కి పిలిస్తే లోపలికి వెళ్లాడు. నేను కింది మెట్టు ఒకటి ఒత్తి, చక్రం మెల్లగా ముందుకు తోశాను. మరను పదును వైపు తిప్పాను. శబ్దం లేచింది. ఇంకా లేచింది. అది సైరన్. బాపు పోయాక కాలనీలో రోజూ మూడుసార్లు మోగుతున్నా నా చెవిన పడని సైరన్, నా వేళ్ల కింద మోగుతోంది. నేను ఆపలేదు.

బయట తలుపులు ధడేల్‌మన్నాయి. కిటికీలోంచి చూస్తే క్వార్టర్ల లైనంతా ఆడవాళ్లు ఉరుకుతున్నారు, చేతులకు పిండి అంటుకునే ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. అందరికంటే ముందు మా అవ్వ. కొంగు జారిపోయింది కూడా చూసుకోకుండా బాయి దిక్కు ఉరుకుతోంది. నడి రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. తనకు అక్కడ ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది. మిగతావాళ్లు ఆమెను దాటుకుని పోతున్నారు.

నా చేతులు బిగుసుకుపోయాయి. మామ పరుగున వచ్చాడు. వైరు పీకేస్తే క్షణంలో పోయేది. నా చేతుల వైపు చూసి ఆగాడు.

“ఒదలకు బిడ్డా. నువ్వే ఎత్తినవ్, నువ్వే దించు. జర మెల్లగ.”

దించాను. చక్రం వెనక్కి వస్తుంటే సైరన్ కొంచెం కొంచెంగా దిగుతూ, సన్నబడి, గుర్‌మని ఆగిపోయింది. దాన్ని చివరిదాకా విన్నాను. వేళ్లు నొప్పి పెట్టాయి. ఇన్నాళ్లలో నాకు మొదట తెలిసింది ఆ నొప్పే.

మామ బయటికి పోయి తప్పంతా తన మీద వేసుకున్నాడు. “నేనే అక్కా, బాక్సు చూస్తుంటి, ఎక్వ మోగింది.” “అకల్ ఉన్నదా నీకు? పానం పోయినంత పనైంది!” అని ఒకావిడ ఇంటి ముందున్న చెప్పు తీసి విసిరింది. అది ఆయన భుజానికి తగిలింది. తలొంచుకుని నిలబడ్డాడు, నా పేరు మాత్రం ఎత్తలేదు.

అవ్వ మెల్లగా వచ్చి మామ వాళ్ల గడప మీద కూలబడింది. “ఎవలి కోసం ఉరికిన బిడ్డా నేను? ఇంక ఎవలున్నరని ఉరికిన?” అంది. నన్ను అడిగినట్టు లేదు, గోడనో గాలినో అడిగినట్టుంది.

“బాపు కోసం” అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. దగ్గరికి లాక్కుని, నా తల మీద గడ్డం ఆనించి చాలాసేపు ఏడ్చింది. నేను అప్పుడు కూడా ఏడవలేదు. నా ఏడుపు ఆ తర్వాత ఎప్పుడో, లెక్కల పీరియడ్‌లో, ఏ కారణమూ లేకుండా వచ్చింది. చెన్నూరు ప్రయాణం మాత్రం ఆగిపోయింది.

మామ, అవ్వ ఇద్దరూ ఇప్పుడు లేరు. నాకొక అలవాటు మిగిలింది. రేడియో అయినా టీవీ అయినా స్విచ్చు ఠక్కున నొక్కను. ముందు శబ్దం మెల్లగా తగ్గిస్తాను, పూర్తిగా తగ్గాకే ఆపుతాను. మా మనవరాలు దానికి నవ్వుతుంది, ఒక్క నొక్కు నొక్కితే పోయేదానికి ఇంత ముచ్చటా అని. నవ్వనీ. ఎక్కడో ఎవరో మా అవ్వలాగే ఆ చప్పుడు విని ఉరుకుతుంటారనిపిస్తుంది, వాళ్లు నడి దారిలో ఆగాలంటే కొంచెం సమయం కావాలి.