పోయినవాళ్ళ పేర్లు అడిగిన మనిషి

మా డాక్టరమ్మగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఏలూరులో, ఆవిడ పరిశోధన చేసుకునే ల్యాబులోనే గుండె ఆగిపోయిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సంతాప సభకు వెళితే అది ఇంకా పెరిగింది. రక్తం నమూనాలు దాచడానికి ఒక ఫ్రిజ్ ఇప్పించమని ఆవిడ తిరిగినప్పుడు, "ఇదేవన్నా ఊరంతా పాకే జబ్బా అండీ, ఎక్కడో ఒకళ్ళిద్దరు పిల్లలకేగా" అని పంపేసిన పెద్దమనిషే అందరికంటే పెద్ద దండ పట్టుకొచ్చాడు.

ఆవిడ పనంతా పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లల మీద. మనల్ని నాలుగు తుమ్ములు తుమ్మించి పోయే వైరస్ ఆ పసివాళ్ళ ప్రాణం తీస్తుంది. కొల్లేటి పల్లెల్లో ఆ చావులకు మేం దిష్టి అనో, పాలు పడలేదనో పేరు పెట్టుకున్నాం. నా ఇద్దరు కొడుకులూ అలాగే పోయారు. నేను మా అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నాను కాబట్టి మా అత్తగారంటే నాకు అమ్మమ్మే. పోయిన పసిపిల్లల మాట ఎత్తకూడదని మా ఇంట్లో ఆనవాయితీ. ఎత్తితే ఉన్నవాళ్ళకు మంచిది కాదట.

డాక్టరమ్మగారు కైకలూరులో బస్సు దిగి, చేపల వ్యాపారుల దగ్గరే ఐసు కొనుక్కుని, నమూనాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కలిదిండి వైపు వచ్చేవారు. "చేపకి దొరికే ఐసు మీ పిల్లల రక్తానికి దొరకాలంటే నేను బతిమాలాలండీ" అని ఓసారి విసుక్కున్నారు కూడా. ఏ ఇంటికెళ్ళినా ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. "ఎత్తుకోవచ్చాండీ?" అని తల్లిని అడగందే బిడ్డను తాకేవారు కాదు. ఆ తర్వాత అందరికీ ఒళ్ళు మండే ప్రశ్న వేసేవారు.

"బతికున్నవాళ్ళ సంగతి తర్వాతండీ. ముందు పోయినవాళ్ళ పేర్లు చెప్పండి."

ఎవరెవరి పిల్లలు పోయారో తెలియకపోతే జబ్బు ఎక్కణ్ణుంచి దిగిందో తెలియదు కదా. మా అమ్మమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో ఎవరూ పోలేదండీ" అంది. నేను పెరట్లోకి పిలిచి చెప్పాను. పెద్దవాడు కిరణ్, రెండోవాడు బారసాల కాకుండానే పోయాడు, పేరు లేదన్నాను.

"ఇంట్లో ఏమని పిలుచుకున్నారమ్మా?"

"నానిగాడనండీ."

"అయితే వాడి పేరు నాని" అన్నారు. వాడొకడు ఉండేవాడని నాతో ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే.

నా రక్తం, మా ఆయన రక్తం తీసుకెళ్ళారు. కరెంటు పోయి ఆ నమూనాలు పాడైతే మళ్ళీ వచ్చి తీసుకున్నారు. లోపం మాకు హాని చెయ్యకుండా ఇద్దరిలోనూ దాగి ఉందని, ఇద్దరి నుంచీ అందిన బిడ్డకే జబ్బు వస్తుందని తేలింది. "ఇందులో మీ తప్పేం లేదమ్మా. కానీ ఇకమీదట పరీక్ష చేయించకుండా ఈ ఇంట్లో మేనరికం చేస్తే, అది తప్పే" అన్నారు.

ఆవిడ పోయి నెల తిరక్కుండానే మా చెల్లిని మా పెద్దమామయ్య కొడుకుకి ఇవ్వాలని తాంబూలాలు పెట్టుకున్నారు. "ఇంక అడ్డుచెప్పే ఆవిడ లేదుగా" అని అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వు నేను ఈ జన్మకు క్షమించలేను. చెల్లి నన్ను వంటింట్లోకి లాగి, "బావంటే ఇష్టమే అక్కా. కానీ నీలాగ పిల్లల్ని పోగొట్టుకోడం నా వల్ల కాదు" అని ఏడ్చింది.

పెద్దలంతా కూర్చున్నాక నేను లేచాను. "ముందు వీళ్ళిద్దరికీ రక్తపరీక్ష చేయించండి. నా ఇద్దరు కొడుకులూ ఎలా పోయారో మీకు తెలుసు" అన్నాను.

"శుభమా అని కూర్చుంటే ఏం మాటలే అవి!" అని అమ్మమ్మ అరిచింది. పెద్దమామయ్య తల తిప్పుకున్నాడు. తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పెద్దత్త మాత్రం కదల్లేదు. ఆవిడా అమ్మమ్మ అన్నగారి కూతురే, ఆవిడదీ మేనరికమే.

"నాకూ ఒకతి పోయింది" అంది పెద్దత్త, ఎవరి వైపూ చూడకుండా.

బావ ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. "నాకు చెల్లి ఉండేదా అమ్మా?"

"అక్కరా. నీకంటే ముందు."

బావ లేచివచ్చి పళ్ళానికి రెండోవైపు పట్టుకున్నాడు. తల్లీ కొడుకూ దాన్ని ఎవరికీ అందించకుండా, కిందా పెట్టకుండా, అలాగే నిలబడిపోయారు.