అన్నీ శంషాబాద్ పెట్టెలే

శంషాబాద్‌లో టెస్టర్‌గా చేరిన కొత్తలో, విమానాల్లో తప్పిపోయిన పెట్టెలను ఊరి పేరుతో వెతికే సాఫ్ట్‌వేర్ నాకిచ్చారు. పుస్తకం చివర ఉండే సూచికలా ఊళ్లకు ఇండెక్స్ కట్టాను. కానీ పెట్టెల వివరాలు దాచే డేటాబేస్ దాన్ని ముట్టుకోకుండా జాబితా మొత్తం మొదటినుంచి చదివింది. తప్పు డేటాబేస్‌దేనని మీటింగులో అందరి ముందూ గట్టిగా వాదించాను.

మా సీనియర్ సరితక్క అక్కడే నా స్క్రీన్ చూసింది.

"ఏందమ్మా, టెస్టింగ్‌కు నువ్వు నింపిన పెట్టెలన్నీ శంషాబాద్‌వే ఉన్నయి. ఏ ఊరివి ఎన్నున్నయో డేటాబేస్ ముందే లెక్క చూసుకుంటది. అన్నీ ఒక్క ఊరివే అయితే ఇగ ఇండెక్స్‌తోని ఏం పని?"

అందరూ నవ్వారు. బాలాపూర్, రాజేంద్రనగర్, మైలార్‌దేవ్‌పల్లి పెట్టెలు కూడా కలిపి నింపి, ఏ ఊరివి ఎన్నో డేటాబేస్ చేత మళ్లీ లెక్క వేయించాను. ఈసారి ఇండెక్స్ వాడుకుని అడిగిన పెట్టెను టక్కున చూపించింది.

ఇప్పటికీ ఆఫీసులో నన్ను 'శంషాబాద్' అనే పిలుస్తారు. ఇక్కడ ఆ పేరు నాకొక్కదానికే ఉంది కాబట్టి, ఎవరికైనా ఇట్టే దొరుకుతాను.