మేకలకు పెట్టిన ఇంగ్లిష్ పేర్లు

బ్యాంకు పరీక్షలో నేను రెండుసార్లు బోల్తా పడింది ఇంగ్లిష్ దగ్గరే. లెక్కలు బాగానే చేసేదాన్ని. పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు మాత్రం పొద్దున ఎక్కించుకుంటే సాయంత్రానికి దిగిపోయేవి. మూడోసారీ పోతే ఖమ్మంలో కోచింగ్ మాన్పించి మిరప చేలో దించుతానన్నాడు నాన్న. ఆయన ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. నిజంగానే భయమేసింది.

సెలవులకు ఏన్కూరు పక్కనున్న మా ఊరికి వచ్చినప్పుడు ఒక తుంటరి ఆలోచన పుట్టింది. నాయనమ్మకు పదకొండు మేకలున్నాయి. ఒక్కోదాని గుణం చూసి ఒక్కో ఇంగ్లిష్ మాటను పేరుగా తగిలించాను. మందను వదిలి అడుగు కదలనిది గ్రెగేరియస్. ఆరేసిన నా చున్నీని కూడా నమిలేసింది వొరేషియస్. ఎంత లాగినా కాళ్లు బిగబట్టి నిలబడేది ఆబ్స్టినేట్. ఆ పేరు నాన్నకూ నప్పేదే గానీ, కోచింగ్ ఫీజు కట్టే మనిషి కదా అని ఊరుకున్నాను. నోట్లో వేలు పెట్టినా కొరకని సాధుజీవి, నెలల పిల్ల ఒకటుంటే దానికి డోసైల్ అని పెట్టాను.

ఆ పేర్లతోనే పిలవమని నాయనమ్మను బతిమాలాను. సంతకం కూడా రాని ఆ మనిషి, వారం తిరక్కుండానే అడవి అంచున నిలబడి వొరేషియస్‌ను పత్తి చేలో పడొద్దని అదిలించసాగింది. కోచింగ్‌లో ఆ మాటల దగ్గర నా నాలుక మడతపడేది. ఆమెకు ఆ బాధే లేదు. నాకు కుళ్లుగా ఉండేది.

పరీక్ష ఇంకో నెల ఉందనగా మేకల బేరగాడొచ్చాడు. నాలుగు కావాలన్నాడు, నాన్న సరేనన్నాడు. నాయనమ్మ మాత్రం కట్టు విప్పనివ్వలేదు.

"పరీక్ష అయ్యేదాంక ఒక్కదాన్ని గూడ అమ్మేది లేదు. మేక పోతే పిల్లకు ఆ ముక్క యాదికి రాదు" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. అప్పటిదాకా నాకు అదొక ఆట. ఆమెకు కాదు.

పరీక్షలో గ్రెగేరియస్ వచ్చింది, ఆబ్స్టినేట్ వచ్చింది. కళ్ల ముందు మేక నిలబడగానే జవాబు నొక్కేశాను. డోసైల్ కూడా వచ్చింది. కానీ ఆ పిల్ల ఈలోగా మేకపోతై, ఎదురైన ప్రతి మోకాలినీ కుమ్ముతోంది. నా మోకాలి మీద దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. కయ్యానికి కాలుదువ్వేది అనే అర్థమున్న జవాబును ధీమాగా నొక్కి వచ్చాను.

ఎట్లాగో గట్టెక్కాను. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి స్వీటు డబ్బాతో ఇంటికెళ్తే, నాయనమ్మ ముందుగా అడిగింది మేకలన్నీ సరిగ్గా పనికొచ్చాయా అని. ఒక్క డోసైల్ మాత్రం ముంచిందని చెప్పాను. మేకపోతును కసురుతుందనుకుంటే, కోపంగా నా వైపు తిరిగింది.

"దాన్నెందుకంటవ్? దాని తల్లి గూడ చిన్నప్పుడు గట్లనే మెత్తగుండె. పేరు పెట్టేముందు నన్నడగొద్దా?"