తెల్లగుడ్డ ఎత్తిన చెయ్యి

మొన్న మిర్యాలగూడలో, మా గుడికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ బల్ల మీది తెల్లగుడ్డ ఎత్తింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో ఆ పిల్లకు. నా పక్కనున్నవాళ్లు సంతోషంతో కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం, ఇప్పుడే ఎవరో లేచి ఈ పిల్లను రెక్క పట్టుకుని బయటికి లాగుతారని భయమేసింది. ఇంత వయసొచ్చి ఇదేం పిరికితనమని నన్ను నేనే తిట్టుకున్నాను. తిడితే పోయే భయం కాదది. నా పదకొండో ఏట పట్టుకుంది.

మాది కోదాడ దగ్గర చిన్న పల్లె. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. అమ్మను ఊరంతా బైబిలమ్మ అనేవారు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, రోగుల దగ్గర కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. నెలకోసారి సూర్యాపేట నుంచి పాస్టరు అయ్యగారు సైకిలు మీద వచ్చి సంస్కారం ఇచ్చేవారు, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచేవారు; మేం దాన్నే బల్ల అనేవాళ్లం. దానికి గోధుమరొట్టె కాల్చేది అమ్మ. కిస్మిస్‌లు నానబెట్టి రసం తీసేది అమ్మ. పళ్లెం, గిన్నె చింతపండుతో తోమి, బల్ల మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పేది అమ్మ. అంతవరకే. కప్పిన గుడ్డ ఎత్తాలంటే మాత్రం, తలమీద పెద్దల చేతులు పెట్టించుకుని అభిషేకం పొందిన మగవాడు రావాలి.

తప్పుగా ఇచ్చిన రొట్టె, తప్పుగా తిన్న రొట్టె ప్రాణం తీస్తుందని అయ్యగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. పెద్దవాళ్లు ఆ మాట వింటూ ఆవులించేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడేది.

నిజాం పాలనకు అదే చివరి వానాకాలం. దారులు మూసుకుపోయి అయ్యగారు నాలుగు నెలలుగా రాలేదు. తుపాకులతో నిజాం మనుషుల లారీలు ఊళ్ల మీద పడుతున్నాయని విని మా మగవాళ్లు ఒక్కొక్కరే నడిగూడెం వైపు దాటిపోయారు. అది మునగాల పరగణా, నిజాం హుకుం అక్కడ చెల్లదు. మా గుడి పెద్దలు అందరికంటే ముందు వెళ్లారు. ఆడవాళ్లను ఎవరేం చేస్తారులే అని చెప్పి మరీ వెళ్లారు. ఎంత ధైర్యమో!

ఒక మధ్యాహ్నం కోదాడ బాట మీద లారీ చప్పుడు వినపడింది. ఆడవాళ్లం చేతికందిన రొట్టెల మూట, నీళ్ల చెంబు పట్టుకుని గుడిలోకి ఉరికాం. గుడి అంటే గడ్డి కప్పిన మట్టి కొట్టమే. తలుపుకు బల్లపీట అడ్డం పెట్టి, పది పన్నెండుమందిమి గోడకు అతుక్కుని కూర్చున్నాం. చంటిపిల్లల నోళ్లు కొంగులతో మూశారు. లారీ ఊరి చివర ఆగింది. నేను లంగా తడుపుకున్నాను.

అప్పుడు మా ఊరి మంత్రసాని అవ్వ అమ్మ దగ్గరికి జరిగింది. నేను పుట్టింది కూడా ఆమె చేతుల్లోనే.

"బతుకుతమో లేదో ఇగ. నాకు బల్ల ఇయ్యి బిడ్డా. గిట్లనే పోలేను దేవుని కాడికి."

"నాతోని గాదవ్వా," అంది అమ్మ. "నా నెత్తి మీద చేతులు పెట్టినోళ్లెవలు?"

అవ్వ మోకాళ్ల మీద లేచింది. ముడతలు పడిన రెండు చేతులూ అమ్మ తల మీద పెట్టింది.

"ఇగో, నేను పెడుతున్న. గీ ఊరి పోరగాండ్లంత గీ చేతులల్లనే పడ్డరు. ఇయ్యి ఇగ."

అమ్మ ఏడుస్తూనే లేచింది. మూటలోంచి ఒక జొన్నరొట్టె తీసి పళ్లెంలో పెట్టింది. కిస్మిస్‌లు ఎక్కడివి? ఎవరో ఇచ్చిన బెల్లంముక్క నీళ్లలో కలిపి గిన్నెలో పోసింది. తెల్లగుడ్డ కప్పింది. మళ్లీ తనే ఎత్తింది. అయ్యగారు చెప్పే మాటలే లోగొంతుకతో చెప్పి, రొట్టె విరిచి అందరికీ ఇచ్చింది. నాకు పెట్టలేదు, ఇంకా బాప్తిస్మం కాలేదని. అంత భయంలోనూ ఆ నియమం తప్పలేదు మా అమ్మ!

లారీ కాసేపటికి మరో ఊరి దారి పట్టింది. మాకేమీ కాలేదు. కానీ అయిదో రోజున అవ్వ జ్వరంతో చనిపోయింది. అందరూ ముసలితనం అన్నారు. నాకొక్కదానికే అసలు సంగతి తెలుసనుకున్నాను. అమ్మ రొట్టె ఆమెను చంపింది. ఇక మిగిలినవాళ్లూ పోతారు. ఆఖరున అమ్మను దేవుడు నరకంలో వేస్తాడు. రోజూ పొద్దున లేవగానే అమ్మ ఊపిరి తీస్తోందో లేదో చూసుకునేదాన్ని.

యూనియన్ సైన్యం వచ్చింది, దారులు తెరుచుకున్నాయి, మగవాళ్లు తిరిగొచ్చారు. అయ్యగారూ వచ్చారు. నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ముందు, అలవాటు ప్రకారం పెద్దల మధ్య చాప మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు.

"దాచుకున్న పాపం ఏమన్న ఉన్నదా నీ మనసుల?"

"నా పాపం గాదు అయ్యగారూ, మా అమ్మది," అన్నాను. మొత్తం చెప్పేశాను. చెబితే దేవుడు క్షమిస్తాడని, అమ్మ బతుకుతుందని ఆశ. "అమ్మను నరకానికి పోనియ్యకుండ్రి," అని అయ్యగారి కాళ్లు పట్టుకున్నాను.

నడిగూడెంలో క్షేమంగా ఉండి వచ్చిన పెద్దలు అమ్మనూ మిగతా ఆడవాళ్లనూ పిలిపించి అక్కడే తేల్చేశారు. ఏడాదిపాటు అమ్మకు బల్ల లేదు. తలుపు దగ్గర, అందరి వెనక కూర్చోవాలి. ఆ రోజు ఆమె చేతి రొట్టె తిన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లకూ భయమే. అమ్మ లేచి పోబోతుంటే ఒక పెద్దాయన పిలిచాడు.

"రేపటికి రొట్టె మాత్రం నువ్వే కాల్సాలె. ఇంకెవలకొస్తది?"

కాల్చింది. మర్నాడు నాకు బాప్తిస్మమైంది, తడి జుట్టుతో మొదటిసారి బల్లకు కూర్చున్నాను. పళ్లెం నా దగ్గరికొచ్చింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. రొట్టెముక్క సగం కొరికి, మిగతా సగం పిడికిట్లో దాచాను.

ఇంటి వెనక అమ్మ పళ్లెం తోముతోంది. ఎదురుగా కూర్చుని పిడికిలి విప్పాను. చెమటకు రొట్టె మెత్తబడిపోయింది.

"అమ్మా, నేనే చెప్పిన అయ్యగారికి."

"ఎరుకనే బిడ్డా. భయమైందా?"

"అయింది."

"నాకు గూడ. గా దినం భయానికే ఇచ్చిన నేను."

ఆ ముక్క ఆమె వైపు చాపాను. అమ్మ బాట వైపు చూసింది, పక్కింటి దడి వైపు చూసింది. చేతులకు చింతపండు అంటుకుని ఉందేమో, నోరు తెరిచింది. రొట్టె ఆమె నోట్లో పెట్టాను.

"ఎవలకు చెప్పకు," అంది.

ఈసారి చెప్పలేదు, ఇవాళ్టిదాకా.